మేడ మీదదా, తోటదా? హన్మకొండలో పెద్ద హోటల్‌కు వెళ్లేముందు

హన్మకొండలో ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి కాస్త మంచిగా కూర్చోబెట్టి తినిపించాలంటే ఇప్పుడు ఎవరిని అడిగినా రెండే పేర్లు చెబుతున్నారు. ఒకటి లాడ్జింగ్ ఉన్న హోటల్ బిల్డింగ్ పై అంతస్తులో ఉంటుంది, లిఫ్ట్ ఎక్కి వెళ్లాలి, అద్దాల్లోంచి ఊరు కనిపిస్తుంది, ఏసీ గట్టిగా వేస్తారు. ఇంకోటి ఊరి అంచున పచ్చిక వేసి, చెట్లకు లైట్ల దండలు కట్టి, మధ్యలో చిన్న ఫౌంటెన్ పెట్టి కట్టింది. పేర్లు రాయను. ఇందులో పొగడ్తలూ ఉన్నాయి, తిట్లూ ఉన్నాయి, నాకెవరితోనూ పంచాయితీ వద్దు. మొదటిదాన్ని మేడది అంటాను, రెండోదాన్ని తోటది అంటాను. రెండింటికీ గూగుల్‌లో నాలుగుకు పైనే స్టార్లు, రెండింటి కిందా "యాంబియెన్స్ సూపర్" అని రాసినవాళ్లు కోకొల్లలు, రేట్లు కూడా ఇంచుమించు ఒకటే. అందుకే అక్కాబావల పాతికేళ్ల పెళ్లిరోజుకు బుకింగ్ పని నామీద పడ్డప్పుడు, రెండు చోట్లా అంతకుముందు తిన్నదాన్నే అయినా, ఎటు అనాలో వెంటనే తేలలేదు.

ముందు ఈ స్టార్ల సంగతి. 4.3కీ 4.4కీ మధ్య తేడా చూసి ఎక్కడికి వెళ్లాలో తేల్చేసేవాళ్లు ఉన్నారు, మా తమ్ముడు వాళ్లలో ఒకడు. ఆ అంకె ఆ హోటల్‌కు మొదటి నుంచీ పడ్డ స్టార్లన్నింటికీ సగటు. మధ్యలో వంట మాస్టర్ మానేసి పోయినా, ఓనర్ మారినా పాత స్టార్లు ఎక్కడికీ పోవు. పైగా తోటదాంట్లో బిల్లు పెట్టే ఫోల్డర్‌లోనే క్యూఆర్ కోడ్ ఉంటుంది, రివ్యూ రాసి చూపిస్తే ఐస్‌క్రీమ్ ఫ్రీ. పిల్లలున్న టేబుల్ వద్దంటుందా? సర్వర్ పిల్లగాడు పక్కనే నిలబడి "మేడమ్, నా పేరు కూడా రాయండి" అంటాడు, పాపం వాడికి దాని మీదే ఇంక్రిమెంటేమో. అందుకే అక్కడి రివ్యూల్లో సగం "ఫలానా తమ్ముడి సర్వీస్ బాగుంది" అనే ఉంటాయి, కూరలో ఉప్పు ఉందో లేదో ఒక్కరూ చెప్పరు. డబ్బులిచ్చి, మనుషుల్ని పెట్టి రాయించిన రివ్యూలను వేయకూడదని 2022 నవంబర్‌లో బీఐఎస్ వాళ్లు, అంటే సరుకులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ, ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు, కానీ అది ఇష్టమైతే పాటించేదే. ఐస్‌క్రీమ్ కప్పు దాకా ఎవరు వచ్చి చూస్తారు.

నేను చేసేదేంటంటే, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, ఐదు స్టార్లవీ ఒక స్టార్‌వీ వదిలేసి, రెండు మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏమన్నారో చదువుతా. ఒక స్టార్ ఇచ్చినవాడు కోపంలో ఉంటాడు, ఐదు ఇచ్చినవాడు ఐస్‌క్రీమ్ తింటుంటాడు. మధ్యలో ఉన్నవాళ్లే కూర్చొని నిదానంగా రాస్తారు. తర్వాత కస్టమర్లు పెట్టిన ఫొటోలు చూస్తా, హోటల్ వాళ్లు పెట్టినవి కాదు. ఆ ఫొటోల్లో ఒక్కోసారి బిల్లు కూడా దొరుకుతుంది, బిల్లు దొరికిందంటే సగం పని అయిపోయినట్టే. ఇలా చూస్తే మేడదానికి వచ్చిన తిట్లన్నీ దాదాపు ఒకే రకం: ఆర్డర్ లేటు, ఆదివారం వెయిటింగ్, "పిల్లలకు ఆడుకోవడానికి ఏమీ లేదు". తోటదానివి కూడా ఒకే రకం: దోమలు, పాటల సౌండు, సర్వీస్ ఛార్జి. సంబంధం లేని పదిమంది ఒకే మాట అంటున్నారంటే ఆ మాట నమ్మొచ్చు. ఇక ఆ రెండు రకాల బాధల్లో మన ఇంటివాళ్లు ఏది ఓర్చుకుంటారన్నదే చూసుకోవాలి.

మా ఇంటివాళ్ల సంగతి చెప్తా. బాపుకు మోకాళ్ల నొప్పి, ఎడమ చెవి సరిగా వినిపించదు. అక్కవాళ్ల అత్తమ్మ శనివారం ముక్క ముట్టదు, ముక్క వండిన గంటె ముట్టుకున్నా ఊరుకోదు. బావ భూపాలపల్లిలో ఉద్యోగం, బయట తినడమంటే ఆయనకు మాంసమే, పనీర్ కనిపిస్తే మొహం మాడ్చుకుంటాడు. పిల్లలు ఇద్దరు, మెనూలో నూడుల్స్ ఎక్కడుందో వెతుక్కునే వయసు. చిన్నమ్మ కరీంనగర్ నుంచి వస్తోంది, ఆమె తిన్నా తినకపోయినా ప్రతిదాని రేటూ అడుగుతుంది. పెళ్లిరోజు వచ్చింది సరిగ్గా శనివారం. ఇదీ లెక్క. మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇలాంటివాళ్లే ఉంటారు కాబట్టి ఇంత చెప్తున్నా.

కూర్చునే చోటుతో మొదలుపెడితే, తోటది చూడడానికి ఎంత బాగుంటుందో పెద్దవాళ్లకు అంత ఇబ్బంది. పచ్చిక మీద ఇనుప కుర్చీలు, కాళ్లు మట్టిలోకి దిగబడతాయి, లేవాలంటే ఇంకొకరు కుర్చీ పట్టుకోవాలి. బాత్రూమ్ ఆ చివర, దారి పొడవునా రాళ్లు పరిచారు, రాత్రిపూట లైట్లన్నీ చెట్ల మీదే ఉంటాయి గానీ కిందికి రావు. శని, ఆదివారాలు ఎనిమిది దాటాక ఒకాయన గిటార్‌తో వచ్చి పాడతాడు. గొంతు మంచిదే, నేను కాదనను, కానీ స్పీకర్ ఎక్కడ పెట్టారంటే దాని ముందున్న రెండు మూడు టేబుళ్లవాళ్లు సైగలతో మాట్లాడుకోవాల్సిందే. సౌండ్ తగ్గించమని అడిగితే తగ్గిస్తారు, రెండు పాటలకు మళ్లీ మొదటికొస్తుంది. మేడదాంట్లో లిఫ్ట్ నేరుగా లోపలికే తెరుచుకుంటుంది, కుర్చీలకు చేతులున్నాయి, సోఫా ఉన్న టేబుళ్లు గోడవైపు వరుసగా ఉన్నాయి. మ్యూజిక్ ఉందో లేదో కూడా తెలియదు. చెవి సరిగా వినిపించనివాళ్లను మూల టేబుల్ దగ్గర, వినిపించే చెవి మనుషులవైపు ఉండేలా కూర్చోబెడితే రాత్రంతా హాయిగా మాట్లాడతారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇక్కడితోనే నిర్ణయం అయిపోవాలి నిజానికి. కానీ తిండి సంగతి కూడా చూడాలి కదా.

చేప విషయంలో రెండింటికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెనూలో రెండు చోట్లా అపోలో ఫిష్ ఉంది, రేటు కూడా దగ్గర దగ్గరే. అపోలో ఫిష్ అంటే ముల్లు లేని ముక్కలను వేయించి, కరివేపాకు, పచ్చిమిర్చి, పెరుగు వేసి తిప్పుతారు, హైదరాబాద్ నుంచి మంచిర్యాల దాకా ఎక్కడైనా దొరుకుతుంది. దానికి సరైన చేప కొర్రమట్ట. మన రాష్ట్ర చేప కూడా అదే, పుస్తకాల్లో కొరమీను అని రాస్తారు. పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప కాబట్టి నీళ్లు తక్కువున్నా బతుకుతుంది, అందుకే మార్కెట్లో టబ్బుల్లో ప్రాణంతో పెట్టి అమ్ముతారు, రేటు బొచ్చె, రవ్వల కంటే చాలా ఎక్కువ. ఆ రేటు పెట్టలేక చాలా హోటళ్లు బాసా వేస్తాయి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన తెల్లటి ఫిల్లెట్లు. బాసా చెడ్డదని అనను, ముల్లుండదు, వాసనుండదు, పిల్లలకు బాగుంటుంది. కానీ మెనూలో కొర్రమట్ట అని రాసి బాసా పెడితే అది మోసమే. తెలుసుకోవడం కష్టం కాదు. ఒక ముక్క తీసుకుని మసాలా గీకేసి వేళ్లతో విడదీయండి. కొర్రమట్ట అయితే గట్టిగా, పొరలు పొరలుగా ఊడుతుంది, నమిలితే పళ్లకు తగులుతుంది. బాసా అయితే వేలు పెడితేనే మెత్తగా చిదిమినట్టయి నీరు బయటికొస్తుంది. మేడదాంట్లో ముక్క పొరలుగా ఊడింది. తోటదాంట్లో నీరొచ్చింది. కెప్టెన్‌ను పిలిచి అడిగితే "ఈరోజు కొర్రమీను రాలేదు మేడమ్" అన్నాడు. రాకపోతే ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పొచ్చు కదా అంటే నవ్వి ఊరుకున్నాడు.

రంగు గురించి కూడా ఒక మాట. తోటదాంట్లో కబాబులు, చికెన్ 65 చూస్తే కళ్లు చెదిరే ఎరుపు, తిన్నాక టిష్యూకు వేళ్లు తుడుచుకుంటే టిష్యూ గులాబీ రంగుకు మారింది. కబాబుల్లో కృత్రిమ రంగులు వాడొద్దని కర్ణాటకలో 2024 జూన్‌లో ఆర్డర్ ఇచ్చారు, అప్పటి నుంచి నేను టిష్యూ చూడకుండా వదలను. నాకు నవ్వొచ్చేదేంటంటే మనది చపాట మిర్చి పండే జిల్లా. గుండ్రంగా, బుర్రగా ఉంటుంది, టమాటా మిర్చి అని కూడా అంటారు, కారం తక్కువ, రంగు మాత్రం అదిరిపోతుంది, 2025లో దానికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు పంటేనన్న గుర్తింపు కూడా వచ్చింది. మిర్చి అమ్మే ఎనుమాముల మార్కెట్ పక్కన పెట్టుకుని డబ్బాలోని రంగు పొడి ఎందుకో నాకైతే అర్థం కాదు. మేడదాంట్లో చికెన్ ముదురు ఇటుక రంగులో వచ్చింది, ఫొటోకు అంత బాగా రాదు, టిష్యూ మాత్రం శుభ్రంగానే ఉంది. కబాబ్ పక్కన గిన్నెలో తెల్లగా మయోనీజ్ పెడితే గుడ్డుతో చేసిందా కాదా అని కూడా అడగండి, పచ్చి గుడ్డు మయోనీజ్‌ను మన రాష్ట్రంలో 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించారు, ఊరికే చేయలేదు.

మాంసం కూరలకు వస్తే బావ మాటే నా మాట. మేడదాంట్లో తలకాయ కూర, బోటి రెండూ మెనూలో ఉన్నాయి, పెద్ద హోటళ్లలో ఇవి పెట్టడం ఈమధ్యే చూస్తున్నాం. చిన్న రాగి గిన్నెలో వస్తుంది, కింద కొవ్వొత్తి వెలుగుతుంటుంది, రేటు బయట మెస్సులో ఇచ్చేదానికి మూడింతలు. బోటి కడగడంలోనే ఉంటుంది పనంతా, సరిగా కడగకపోతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. ఇక్కడ వాసన లేదు, ముక్క మెత్తగా ఉడికింది గానీ రబ్బరులా సాగలేదు, మిరియాల ఘాటు చివర్లో గొంతులో తగిలింది. బావ రెండో గిన్నె చెప్పాడు, అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు. జొన్న రొట్టెల దగ్గర మాత్రం ఇంకో మంచి పని చేశారు: ఆరు చెబితే ఆరూ ఒకేసారి తెచ్చి పడేయకుండా రెండేసి చొప్పున, పొంగు దిగకముందే తెచ్చారు. జొన్న రొట్టె పెనం మీది నుంచి దిగాక ఐదు నిమిషాలు ఆగిందంటే విరగ్గొట్టుకుని తినాలి, ఈ సంగతి తెలిసిన వంటగది అది. తోటదాంట్లో అవే ఆరు రొట్టెలు బుట్టలో గుడ్డ చుట్టి ఒకేసారి వచ్చాయి, బుట్ట చాలా అందంగా ఉంది.

తోటది తిండిలో మొత్తం నాసిరకం అనుకోవద్దు. తందూరీ రొట్టెలు, నాన్లు వాళ్లవే బాగుంటాయి, పొయ్యి బయటే ఉంటుంది కాబట్టి వేడివేడిగా వస్తాయి. చైనీస్ వాళ్లదే మేలు, పిల్లల నూడుల్స్ ఒక్క పోగు మిగల్లేదు. ఖుబానీ కా మీఠా కూడా అక్కడే బాగుంది, పండు తొక్క తగులుతూ, మరీ పాకంలా కాకుండా. మేడదాంట్లో డబుల్ కా మీఠా ఫ్రిజ్‌లోంచి తీసి సరిగా వేడి చేయకుండానే పెట్టారు, మధ్యలో చల్లగా తగిలింది. అయితే తోటది మెనూలో ఒక వింత ఉంది, ఉలవచారు బిర్యానీ ఉంది, రొయ్యల వేపుడు మూడు రకాలుంది, మన దగ్గరి కూర ఒక్కటంటే ఒక్కటి లేదు. రొయ్యలు ఎక్కడివి, మనమెక్కడ? వరంగల్‌లో కూర్చొని పచ్చిపులుసు అడిగితే సర్వర్ "అది సూపా మేడమ్" అన్నాడు. పాపం ఆ పిల్లగాడిది ఒడిశా, వాడి తప్పేం లేదు. రెండు చోట్లా సర్వ్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఒడిశా, బెంగాల్ వైపు వాళ్లే, తెలుగులో "కారం కొంచెం తక్కువ" అంటే తలూపి వెళ్లి ఎప్పటి కారంతోనే తెస్తారు, అదే హిందీలో చెబితే పని జరుగుతుంది. మనకు హిందీతో పేచీ లేదు కాబట్టి సరిపోయింది.

ఇక శనివారం శాకాహారం. బయట తినేవాళ్లు దీన్ని అసలు లెక్కలోకి తీసుకోరు, బుక్ చేసేవాళ్లకు మాత్రం ఇదే పెద్ద టెన్షన్. తోటదాంట్లో వెజ్ అంటే పనీర్, మష్రూమ్, బేబీ కార్న్, మళ్లీ పనీర్. అరవై దాటిన మనిషికి చిల్లీ బేబీ కార్న్ పెట్టి సంతోషపడమంటే ఎలా? మేడదాంట్లో సర్వపిండి ఉంది, పచ్చిపులుసు ఉంది, మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ ఉన్నాయి. అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న "నూనె వేరేనా?" అని. కెప్టెన్ లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, వేపుళ్లకు వెజ్ మూకుడు వేరే ఉంటుంది, గ్రేవీలు వండే స్టవ్ మాత్రం ఒకటే అని ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధం చెప్పినా మాకు తెలిసేది కాదు. అత్తమ్మ గుత్తి వంకాయ వద్దని, మేం ఫోన్‌లో ముందే చెప్పిన సర్వపిండికి తోడు పప్పు, పచ్చిపులుసు చెప్పించుకుంది. సర్వపిండిని పిజ్జాలా మూలలుగా కోసి చెక్క పలక మీద పెట్టి తెచ్చారు, అంచులు కరకరలాడుతున్నాయి, నువ్వులు, శనగపప్పు బాగా తగులుతున్నాయి, చేతి గుంటలు కూడా అలాగే ఉన్నాయి. బాపు మెనూ కార్డు కళ్లజోడుకు దగ్గరగా పెట్టుకుని రేటు చూసి, "గిది మన ఇంట్ల చేసుకునేదే గదా బిడ్డా, దీనికి గిన్ని పైసలా?" అన్నాడు. అని రెండో ముక్క తీసుకున్నాడు. చిన్నమ్మ అయితే ఆ రేటుకు ఎన్ని కిలోల బియ్యప్పిండి వస్తుందో లెక్క కట్టి చెప్పింది.

బిర్యానీ గురించి అడుగుతారని తెలుసు. రెండు చోట్లా చెప్పొద్దు. చెడ్డగా ఉంటుందని కాదు, అదే రుచికి ఇంకో వంద, నూటయాభై తక్కువలో చౌరస్తా వైపు దొరుకుతుంది. మేడదాంట్లో బగారా అన్నం చెప్పండి, మటన్‌తో కలుపుకుంటే పెళ్లి భోజనంలా ఉంటుంది.

ఇప్పుడు బిల్లు. తోటదానికి నా లెక్కలో సగం మార్కులు పోయింది ఇక్కడే. తిన్నదానికి 4,000 అయ్యిందనుకోండి. జీఎస్టీ ఐదు శాతం, అంటే రెండున్నర కేంద్రానికి, రెండున్నర రాష్ట్రానికి, 200 కలిపి 4,200 కావాలి. మన ఊళ్లో మామూలు రెస్టారెంట్లకు ఐదే, రూము అద్దె రోజుకు 7,500 దాటే స్టార్ హోటళ్లలో తింటేనే 18 పడుతుంది. తోటది బిల్లులో తిన్నదాని కింద 'ఎస్సీ' అని చిన్న అక్షరాల్లో పది శాతం, 400. దాని మీద మళ్లీ జీఎస్టీ. మొత్తం 4,620. ఎస్సీ అంటే సర్వీస్ ఛార్జి అని అడిగితేనే చెబుతారు. సర్వీస్ ఛార్జిని బిల్లులో వాళ్లంతట వాళ్లే వేయకూడదని, వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలై 4నే మార్గదర్శకాలు ఇచ్చింది, హోటల్ సంఘాలు కోర్టుకెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలే సరైనవని చెప్పింది. ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు, బలవంతం మాత్రం లేదు. నేను తీసేయమంటే "సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వస్తుంది మేడమ్" అన్నారు, 1915కు ఫోన్ చేస్తానంటే సిస్టమ్ వెంటనే మాట విన్నది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కొత్త బిల్లు కొట్టి ఇచ్చారు గానీ ఆ తర్వాత సోంపు గిన్నె కూడా మా టేబుల్ వైపు రాలేదు. పెళ్లిరోజు పూట, పెద్దవాళ్ల ముందు, ఆ గొడవంతా ఎవరికి కావాలి చెప్పండి.

మేడది బిల్లులో తిన్నది, జీఎస్టీ, అంతే. కింద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, అంటే ఫుడ్ లైసెన్స్ నంబర్ కూడా ఉంది, 2022 జనవరి నుంచి బిల్లు మీద అది ఉండాలన్నది రూలు, ఎంతమంది పాటిస్తున్నారో మీ పర్సులో ఉన్న పాత బిల్లులు తీసి చూసుకోండి. నీళ్ల సీసా మాత్రం రెండు చోట్లా ఎమ్మార్పీకి మించే వేశారు. కోపమొస్తుంది గానీ దాని మీద పోట్లాడి లాభం లేదు, కూర్చోబెట్టి వడ్డించేచోట సీసా నీళ్లకు ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పేసింది. కూర్చోగానే సీసా మూత తిప్పడానికి చెయ్యి పెడతారు, అప్పుడే "మామూలు నీళ్లు తేండి" అనేయడమే. ఫిల్టర్ నీళ్లు జగ్గులో తెస్తారు, మొహం కొంచెం చిన్నబోతుంది, అంతే.

మేడదానికీ లోపాలున్నాయి, పెద్దది లేటు. ఆర్డర్ ఇచ్చాక స్టార్టర్ రావడానికి అరగంట పైనే, కూరలకు ఇంకో అంత. కొర్రమట్ట అప్పుడే కోసి చేస్తే ఆలస్యమవుతుందిలే అని సర్దుకోవచ్చు, కానీ పాపడ్‌కు కూడా అంతసేపేంటి? ఆకలితో ఉన్న పిల్లలు ఆ అరగంటలో ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా రెండూ ఖాళీ చేసి చూపిస్తారు. పార్కింగ్ సెల్లార్‌లో, రూముల్లో దిగినవాళ్ల కార్లకే సరిపోతుంది, మనది రోడ్డు మీద పెట్టాల్సిందే. ఏసీ కింద కూర్చుంటే చిన్నమ్మ కొంగు కప్పుకోవాల్సి వచ్చింది. మంచి విషయం ఏంటంటే చెప్పిన కూరలన్నీ ఒకేసారి వచ్చాయి, టేబుల్ మొత్తం కలిసి తిన్నాం. తోటదాంట్లో ఒకరు తినేసి చేయి కడుక్కునే టైమ్‌కు ఇంకొకరి ప్లేటు వస్తుంది.

అందుకని ఇంటివాళ్లతో, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్తే మేడదే, రెండో ఆలోచన వద్దు. తోటదాన్ని నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో, స్నేహితులతోనో ఆలుమగలు ఇద్దరేనో, వారం మధ్యలో వెళ్లడానికి ఉంచుకోండి. చలికాలం ఏడున్నరకు ఆ పచ్చిక మీద కూర్చొని వేడి నాన్ తింటే బాగుంటుంది, గిటారాయన కూడా ఆ రోజుల్లో రాడు. మేలో మాత్రం ఎవరెంత చెప్పినా వెళ్లొద్దు, రాత్రి తొమ్మిదికి కూడా నేల సెగ కొడుతుంది, కూలర్ మన మొహం మీదికి నీళ్లు చిమ్ముతుంది. ఊరి అంచు కాబట్టి పదిన్నర దాటాక ఆటో దొరకడం కష్టం, బండి ఉంటేనే.

మేడదానికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం నాలుగు, ఐదు మధ్యలో చేయండి, అప్పుడే మేనేజర్ తీరిగ్గా మాట్లాడతాడు. కొర్రమట్ట ఉందా లేదా అడగండి, బోటి ఎన్ని ప్లేట్లో ముందే చెప్పేయండి, రాత్రి తొమ్మిదికి అయిపోతుంది. స్టార్టర్లు కూడా ఫోన్‌లోనే చెప్పేస్తే ఆ అరగంట తప్పుతుంది, మేమూ అదే చేశాం, కూర్చున్న పది నిమిషాలకు సర్వపిండి వచ్చింది. గోడవైపు సోఫా టేబుల్ అని గట్టిగా చెప్పండి, ఏసీ కింద వద్దని ఇంకా గట్టిగా చెప్పండి. పెళ్లిళ్ల ముహూర్తాలు ఉన్న రోజుల్లో, మేడారం జాతర వారంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు, రూములతో పాటు టేబుళ్లు కూడా నిండిపోతాయి. కేక్ మనమే తెచ్చుకోవచ్చు, ఫ్రిజ్‌లో పెడతారు, కత్తి, ప్లేట్లు వాళ్లే ఇస్తారు, దానికి డబ్బులేం తీసుకోరు. తోటదాంట్లో తీసుకుంటారు, దాని పేరు కేక్ కటింగ్ ఛార్జి, దాని మీద కూడా జీఎస్టీ ఉంది.